కాలాపానీ నుంచి కంటైనర్ పోర్టు దాకా: అండమాన్ ప్రణాళికల సింహావలోకనం

మన దగ్గర ప్రభుత్వం మారితే ప్లాను మారుతుంది. 2014లో అమరావతి అన్నారు, 2019లో మూడు రాజధానులన్నారు, 2024లో మళ్ళీ అమరావతికే వచ్చారు. పార్టీ జెండాకూ ప్రణాళికకూ ఉన్న బంధం గురించి తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అయితే విశాఖలో ఓడెక్కి బంగాళాఖాతం మీదుగా దాదాపు 1,200 కిలోమీటర్లు వెళితే ఈ లెక్క తిరగబడుతుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో యూనియన్ జాక్ ఎగిరింది, జపాన్ సూర్యుడు ఎగిరాడు, ఆజాద్ హింద్ పతాకం ఎగిరింది, మువ్వన్నెల జెండా ఎగురుతోంది. సామ్రాజ్యవాదం, సోషలిజం, పర్యావరణ స్పృహ, జాతీయవాదం, మార్కెట్ విధానం ఒకదాని వెనక ఒకటి వచ్చి దేని పథకం అది రాసుకున్నాయి. సిద్ధాంతం మారినప్పుడల్లా దీవుల్ని దేనికి వాడాలన్నది మారింది. ఆ దీవులు ఖాళీగా పడి ఉన్నాయన్న నమ్మకం మాత్రం మారలేదు.

ఖాళీ ఎప్పుడూ లేవు. గ్రేట్ అండమానీలు, పడమటి అడవుల్లో జారవాలు, లిటిల్ అండమాన్‌లో ఓంగీలు, నార్త్ సెంటినల్ దీవిలో బయటివాళ్ళను నేటికీ దరి చేరనివ్వని సెంటినలీలు, దక్షిణాన నికోబారీలు, గ్రేట్ నికోబార్ అడవి లోపల షోంపెన్‌లు వేల ఏళ్ళుగా ఉంటున్నారు. మొత్తం 836 దీవులూ దిబ్బలూ, 8,249 చదరపు కిలోమీటర్ల నేల. 2011 లెక్కల్లో జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు సుమారు 13 శాతం. అంటే ఈ కథలో మనం చూసేవాళ్ళమే కాదు, పాత్రధారులం కూడా.

శిక్షలోంచి పుట్టిన ఊరు

బ్రిటిష్‌వాళ్ళ మొదటి ప్రయత్నం 1789లో జరిగింది. నౌకాదళ అధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం దీవిలో స్థావరం పెట్టాడు. తర్వాత దాన్ని ఉత్తరానికి మార్చారు. జ్వరాలు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. ఆ తర్వాత అరవై ఏళ్ళ పాటు వాళ్ళకు ఆ దీవులు గుర్తుకు రాలేదు. 1857 తిరుగుబాటు గుర్తు చేసింది. పట్టుబడ్డ సిపాయిలను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబుగా 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు.

దాన్ని జైలు అనుకుంటే సగమే తెలిసినట్టు. ఖైదీల చేత అడవి కొట్టించి, పొలాలు చేయించి, మంచి నడవడి చూపినవాడికి సొంతంగా బతికే అనుమతి పత్రం ఇచ్చి, శిక్ష పడ్డ ఆడవాళ్ళతో పెళ్ళిళ్ళు చేసి, ఒక వ్యవసాయ సమాజాన్ని తయారు చేయాలన్నది అప్పటి ప్రణాళిక. శ్రమ మనిషిని బాగు చేస్తుందన్న విక్టోరియా కాలపు నమ్మకం దాని వెనక ఉంది. ఖర్చు తగ్గాలన్న లెక్క అంతకన్నా బలంగా ఉంది. 1883లో అటవీ శాఖా చాథం రంపపు మిల్లూ వచ్చాక ఆ లెక్కకు లాభం కూడా తోడైంది.

ఆ సమాజానికి చోటు చేయడానికి ఎవరిని తోసేశారో చూడాలి. 1859 మేలో గ్రేట్ అండమానీలు విల్లంబులతో అబర్డీన్ మీదకు వచ్చారు. తుపాకుల ముందు నిలవలేకపోయారు. తర్వాత వాళ్ళను 'అండమాన్ హోమ్స్' పేరుతో శిబిరాల్లో చేరదీశారు. అక్కడే సిఫిలిస్, తట్టు లాంటి రోగాలు అంటుకున్నాయి. 1858 నాటికి వేలల్లో ఉన్న జాతి 1901 జనగణన నాటికి 625 మందికి, 1961 నాటికి 19 మందికి దిగింది. ఈ దీవుల మొదటి అభివృద్ధి ప్రణాళిక చేతికిచ్చిన ఫలితం ఇది.

1872 ఫిబ్రవరి 8న హోప్‌టౌన్ రేవులో వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రీదీ పొడిచి చంపాడు. ఖైదీల పట్ల మెత్తదనం పనికిరాదన్న వాదం క్రమంగా బలపడింది. 1890లో వచ్చిన లాయల్, లెత్‌బ్రిడ్జ్ కమిటీ, అండమాన్ శిక్షకు భయపడేవాళ్ళే లేరు కనుక దాన్ని ఇంకా కఠినం చేయాలని చెప్పింది. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన సెల్యులార్ జైలు ఆ సిఫార్సుకు ఇటుకల రూపం. ఏడు రెక్కలు, నడుమ ఒక కావలి గోపురం, ఒక గదిలోవాడికి ఇంకో గదిలోవాడు కనపడని కట్టడం. మనిషిని ఒంటరిని చేస్తే దారికొస్తాడన్న యూరోపు, అమెరికా జైలు సిద్ధాంతాన్ని ఇక్కడ బెంగాల్ విప్లవకారుల మీద ప్రయోగించారు. మన మన్యం నుంచి కూడా మనుషులు ఆ దారిన వెళ్ళారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

1921లో ప్రభుత్వం ఇక్కడికి ఖైదీలను పంపడం మానేస్తామని ప్రకటించింది. అదే ఏడాది మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటు రావడంతో ఆ మాట గాల్లో కలిసింది. మాప్పిళ్ళలు వచ్చారు. 1925లో అడవి పనికని బర్మా నుంచి కరెన్‌లను తెచ్చి మాయాబందర్ దగ్గర దించారు. 'నేరస్థ జాతి' అని ముద్ర వేసిన భాంతూలను సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి పంపారు. అంతకుముందే, 1918 నుంచీ, ఛోటానాగపూర్ ఆదివాసులను అడవి నరకడానికి కూలీలుగా తెచ్చారు. దీవుల్లో వాళ్ళకు 'రాంచీలు' అన్న పేరే స్థిరపడింది. ప్రధాన భూభాగానికి ఎవరు బరువనిపిస్తే వాళ్ళను ఇక్కడ దించడం అలవాటయింది. ఆ అలవాటు తెల్లవాళ్ళతో పోలేదు.

మూడున్నరేళ్ళ జపాన్

1942 మార్చి 23న జపాన్ సేనలు దిగాయి. ఆసియా ఆసియావాళ్ళదే అన్నది వాళ్ళ నినాదం. దీవుల వరకు దాని అర్థం వెట్టి చాకిరీతో విమానాల రన్‌వే వేయించడం, తిండి పండించమని జనాన్ని కొట్టడం. 1943 డిసెంబర్ 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో 44 మందిని హంఫ్రీగంజ్‌లో జపాన్ సైనికులు కాల్చి చంపారు. పేర్లు స్వతంత్రమయ్యాయి గాని పెత్తనం టోక్యోదే. 1945 అక్టోబర్‌లో బ్రిటిష్‌వాళ్ళు తిరిగొచ్చి ఖైదీల వలసను రద్దు చేశారు.

కాందిశీకులకు పొలం, ఎర్రజెండాకు అభ్యంతరం

దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి జనం ప్రవాహంలా కలకత్తాకు వచ్చారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాలు వాళ్ళతో నిండిపోయాయి. ఢిల్లీలో నెహ్రూ ప్రభుత్వానికీ కలకత్తాలో బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వానికీ అండమాన్ ఒక దారిగా కనిపించింది. 1949లో మొదటి కుటుంబాలు ఓడెక్కాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నామశూద్ర రైతులు. కుటుంబానికి అయిదెకరాల వరి భూమి, అయిదెకరాల మెరక, పశువులు, విత్తనాలు, కొంతకాలం భృతి. జాతి నిర్మాణానికి ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు ఎలాగో అడవి కొట్టి ఊరు కట్టడం కూడా అలాగే అని ఆనాటి పాలకులు నమ్మారు.

ఈ పథకాన్ని సిద్ధాంతపరంగా ఎదిరించినది కమ్యూనిస్టులు. కాందిశీకులను కాలాపానీకి పంపడం వాళ్ళను బెంగాల్ నుంచి వెలివేయడమేనని, పశ్చిమ బెంగాల్‌లోనే భూమి ఇవ్వాలని వాళ్ళ వాదం. ఆ వాదంలో న్యాయం ఉంది. కలకత్తా చుట్టూ కాలనీల్లో ఉన్న కాందిశీకులే తమ ఉద్యమానికి బలగం అన్న రాజకీయ లెక్కా ఉంది. ఇద్దరి వాదనలోనూ లేనిది ఒకటే: ఆ దీవుల్లో ముందే ఉన్నవాళ్ళ మాట. కాంగ్రెస్ అడవిని ఖాళీ నేలగా చూసింది, కమ్యూనిస్టులు దాన్ని శిక్షా స్థలంగా చూశారు. తర్వాతి చరిత్ర చేదుగానే నడిచింది. 1979లో అధికారంలో ఉన్న లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వమే పునరావాసానికని పంపిన దండకారణ్యం నుంచి తిరిగొచ్చిన కాందిశీకులను సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపి నుంచి బలవంతంగా వెళ్ళగొట్టింది. ఆ నాటికి అండమాన్‌కు వెళ్ళినవాళ్ళు సొంత పొలాల్లో వరి కోస్తున్నారు.

తర్వాత కేరళ, తమిళనాడు, బిహార్ నుంచి కూడా కుటుంబాలను తెచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది సర్కారు పిలిస్తే వచ్చినవాళ్ళు కారు. వేటకు, రేవు పనికి, కట్టుబడి కూలికి వాళ్ళంతట వాళ్ళు వచ్చారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, దీవుల్లో మనిషి హోదాను నిర్ణయించేది అదే. పథకం కింద వచ్చినవాడు 'సెట్లర్', అతనికి పట్టా ఉంటుంది. 1942కు ముందు నుంచీ ఉన్నవాడు 'లోకల్', అతనికి చరిత్ర ఉంటుంది. పొట్ట చేతపట్టుకుని వచ్చి అటవీ భూమిలో గుడిసె వేసుకున్నవాడు 'ఆక్రమణదారు'. దీవులను కట్టిన రాంచీల్లో ఎందరో, కూలికి వచ్చిన తెలుగువాళ్ళలో కొందరూ ఆ మూడో పేరుతోనే తరాలు గడిపారు. 1978కి ముందు వచ్చినవాళ్ళకు ఒక న్యాయం, తర్వాత వచ్చినవాళ్ళకు ఇంకో న్యాయం అంటూ గీత గీశారు.

జనాభా లెక్కలు ఈ పథకాల జోరును చూపిస్తాయి. 1951లో 30,971. 1961లో 63,548. 1971లో 1,15,133. 1981లో 1,88,741. ముప్పై ఏళ్ళలో ఆరు రెట్లు.

ఒకే ఏడాది, రెండు మాటలు

1956 ఈ చరిత్రకు నడిబొడ్డు. ఆ ఏడాది నవంబర్ 1న అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతమైంది. ఆ ఏడాదే ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ వచ్చింది. మన ఏజెన్సీకి 1/70 చట్టం ఎలాంటిదో దీవుల ఆదివాసులకు ఈ రెగ్యులేషన్ అలాంటిది. రిజర్వుగా ప్రకటించిన చోట బయటివాడు అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు, భూమి కొనరాదు, వ్యాపారం చేయరాదు. 1957లో లిటిల్ అండమాన్ మొత్తాన్ని ఓంగీల రిజర్వుగా ప్రకటించారు. జారవాలకూ రిజర్వు గీశారు. ఆదివాసులు తమ స్వభావాన్ని బట్టే ఎదగాలి, వాళ్ళ భూమి అడవి హక్కులను గౌరవించాలి అని నెహ్రూ 1958లో రాసిన గిరిజన పంచశీలకు ఇది సరిగ్గా సరిపోయే చట్టం.

కాని అదే ప్రభుత్వం అదే దశాబ్దంలో పంచవర్ష ప్రణాళిక కింద అడవి నరికి ఊళ్ళు కడుతోంది. హోం శాఖ ఫైలు ఆదివాసిని కాపాడమంది, పునరావాస శాఖ ఫైలు అడవిని పొలం చేయమంది. రెండూ ఒకే సిద్ధాంతం నుంచి వచ్చాయి. పేదవాడికి భూమి ఇవ్వడమూ సోషలిజమే, గిరిజనుడిని దోపిడీ నుంచి కాపాడడమూ సోషలిజమే. రెండూ ఒకే దీవిలో ఎదురుపడినప్పుడు ఏది గెలవాలో ఎవరూ రాసిపెట్టలేదు. రాయకపోతే బలమున్న శాఖే గెలుస్తుంది. అదే జరిగింది.

1965లో పునరావాస శాఖ ఒక అంతర్విభాగ బృందాన్ని పంపింది. మరుసటి ఏడాది వచ్చిన 'త్వరిత అభివృద్ధి' నివేదిక లిటిల్ అండమాన్ అడవిలో దాదాపు 40 శాతం నరకమంది. 12,000 కుటుంబాలను దించమంది, ఎర్ర పామాయిల్ తోటలు, కలప పరిశ్రమలు పెట్టమంది. పదేళ్ళ కిందట రిజర్వుగా గీసిన దీవి అది. 1972లో, మళ్ళీ 1977లో ఓంగీల రిజర్వులోంచి భాగాలు కోసేశారు. హట్ బే పక్కన సుమారు 1,600 హెక్టార్లలో పామాయిల్ వచ్చింది. 2011 లెక్కల నాటికి ఓంగీలు సుమారు వందమంది.

చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధాలు చూసిన ఢిల్లీకి అప్పటికి ఇంకో ఆలోచన కూడా తోడైంది. కొసన ఉన్న దీవిలో జనం లేకపోతే ఎవరైనా వచ్చి కూర్చుంటారన్న భయం. 1969 నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో 330 మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరిచారు. శ్రీలంకతో 1964లో కుదిరిన శాస్త్రి, సిరిమావో ఒప్పందం కింద తిరిగొచ్చిన తమిళ కుటుంబాలను కచ్చాల్ దీవి రబ్బరు తోటలకు పంపారు. 1970ల మొదట్లో జారవా రిజర్వు మధ్య నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు వేయడం మొదలుపెట్టారు. జారవాలు బాణాలతో అడ్డుకున్నారు. పోలీసు కాపలాతో పనులు సాగాయి. 300 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ రోడ్డు 1980ల చివరికి పూర్తయింది.

అడవి వైపు తిరిగిన చూపు

1980లలో గాలి కొంచెం మళ్ళింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1983లో వండూర్ దగ్గర సముద్ర జాతీయ పార్కు వచ్చింది. 1986లో ప్రధాని రాజీవ్ గాంధీ తానే అధ్యక్షుడిగా ఐలాండ్ డెవలప్‌మెంట్ అథారిటీని పెట్టారు. 1989లో గ్రేట్ నికోబార్‌ను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. 1992లో అక్కడే గలాథియా, క్యాంప్‌బెల్ బే జాతీయ పార్కులయ్యాయి. జనాన్ని దించే పథకాలు ఆగిపోయాయి.

అయినా కలప లారీలు ఆగలేదు. ఆపింది కోర్టు. పోర్ట్ బ్లెయిర్‌లోని స్థానిక పర్యావరణ సంఘం 'సేన్', కల్పవృక్ష్, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వేసిన కేసులో సుప్రీంకోర్టు శేఖర్ సింగ్‌ను కమిషనర్‌గా నియమించింది. ఆయన నివేదిక మీద 2002 మే 7న తీర్పు వచ్చింది. ఆదివాసీ రిజర్వుల్లో నరుకుడు ఆపాలి. కలపను ప్రధాన భూభాగానికి పంపకూడదు. సముద్రపు ఇసుక తవ్వకం క్రమంగా ఆపాలి. జారవా ప్రాంతంలో ట్రంక్ రోడ్డు మూసేయాలి. ప్లైవుడ్ కర్మాగారాలు మూతపడ్డాయి. వాటిలో పనిచేసే బెంగాలీ, తమిళ, తెలుగు కార్మికులు రోడ్డున పడ్డారు. పర్యావరణ న్యాయానికి మూల్యం చెల్లించినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ పునరావాసం గురించి తీర్పు తర్వాత మాట్లాడినవాళ్ళు తక్కువ.

రోడ్డు విషయంలో తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు దాటినా కాన్వాయ్‌లు జారవా అడవి మధ్యగా తిరుగుతూనే ఉన్నాయి. 2012లో జారవా ఆడపిల్లల చేత తిండి ఆశచూపి నాట్యం చేయించిన వీడియో ప్రపంచమంతా చూసి ముక్కున వేలేసుకుంది. కోర్టు, ఉద్యమకారులు కలిసి సాధించిన నిజమైన మార్పు 2004 డిసెంబర్ 21న నోటిఫై అయిన జారవా విధానం. వాళ్ళను మనలా మార్చాలన్న తొందర మాని, జోక్యాన్ని కనీసానికి తగ్గించాలని ప్రభుత్వం మొదటిసారి రాతలో ఒప్పుకుంది. 2015లో షోంపెన్‌ల విధానం కూడా వచ్చింది. పెద్ద పథకాలు వచ్చినప్పుడు ఆ తెగ క్షేమానికే పెద్దపీట వేయాలని అది చెప్పింది.

సునామీ తర్వాత ఇళ్ళు

జారవా విధానం వచ్చిన అయిదో రోజే, 2004 డిసెంబర్ 26న, సునామీ వచ్చింది. నికోబార్ దీవులు అన్నింటికన్నా ఎక్కువ దెబ్బ తిన్నాయి. దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. మృతులు, జాడ తెలియనివాళ్ళు కలిపి మూడు వేలు దాటారు.

సాయం వెల్లువలా వచ్చింది. ఆ సాయం వెనకా ఒక సిద్ధాంతం ఉంది. నికోబారీ సమాజం 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబం మీద నిలబడింది. కొబ్బరి తోటలు, పందులు, పడవలు ఉమ్మడివి. కుటుంబమంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలు అనుకునే సర్కారు లెక్క, ఒక్కో చిన్న కుటుంబానికి ఒక్కో ఇల్లు, ఒక్కో బ్యాంకు ఖాతా అని పరిహారం పంచింది. సముద్రం ఒడ్డున గుంజల మీద కట్టుకునే గుండ్రటి గుడిసెల చోట, ఒడ్డుకు దూరంగా, బయటి నుంచి తెచ్చిన సామగ్రితో, వరసలు వరసలుగా ఇళ్ళు లేచాయి. ఇది చెడు బుద్ధితో చేసింది కాదు. ఏ జనానికి కడుతున్నామో వాళ్ళను అడగకుండా చేసింది. గ్రేట్ నికోబార్ పడమటి, దక్షిణ తీరాల నికోబారీలను క్యాంప్‌బెల్ బే పక్కన కాలనీలకు మార్చారు. సొంత ఊళ్ళకు తిరిగి వెళ్తామని వాళ్ళు అప్పటి నుంచీ అడుగుతున్నారు.

పేర్లు, పోర్టు

రాజకీయ సిద్ధాంతం తొందరగా మార్చగలిగేది పేరు. 1979లో జనతా ప్రభుత్వ కాలంలో సెల్యులార్ జైలు జాతీయ స్మారకమైంది. 2002లో వాజ్‌పేయి హయాంలో విమానాశ్రయానికి సావర్కర్ పేరు వచ్చింది. 2018 డిసెంబర్ 30న ప్రధాని మోదీ రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. 2023 జనవరి 23న 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. వలస పాలన గుర్తుల్ని తుడిచేయడంలో తప్పు లేదు. అయితే నీల్ దీవిలో బెంగాలీ కాందిశీకులు ఎప్పుడో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అని తమ ఊళ్ళకు తామే పేర్లు పెట్టుకున్నారు. అందుకు వాళ్ళకు ఢిల్లీ ఉత్తర్వు అవసరం పడలేదు.

పేర్లతో పాటు నిబంధనలూ మారాయి. 2017లో కేంద్ర హోం మంత్రి అధ్యక్షతన ఐలాండ్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. దీవుల సమగ్రాభివృద్ధి పని నీతి ఆయోగ్ చేతికి వచ్చింది. 2018 ఆగస్టులో విదేశీయులకు ప్రత్యేక అనుమతి అవసరమైన జాబితా నుంచి 29 దీవులను తీసేశారు. అందులో నార్త్ సెంటినల్ కూడా ఉంది. ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ మాత్రం యథాతథంగా ఉంది. ఆ నవంబర్‌లోనే ఒక అమెరికన్ మత ప్రచారకుడు ఆ రెగ్యులేషన్‌ను దాటి అక్కడ దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంకోవైపు 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చింది. ఇంటర్నెట్ కోసం ఏళ్ళ తరబడి అవస్థ పడ్డ దీవులకు అది నిజమైన మేలు.

వీటన్నిటికీ పరాకాష్ఠ గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు. గలాథియా బేలో ఏడాదికి కోటీ 42 లక్షల ప్రామాణిక కంటైనర్లు నిర్వహించే రేవు, ఒక విమానాశ్రయం, గ్యాస్, సౌర విద్యుత్ కేంద్రం, ఒక కొత్త నగరం. 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130కి పైగా అడవి. మొదట రూ. 72,000 కోట్లన్నారు, తర్వాత అంచనా రూ. 80,000 కోట్లు దాటింది. కూలబోయే చెట్లు 9.64 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ నష్టానికి బదులుగా మొక్కలు నాటేది ముఖ్యంగా హర్యానాలో. తోలు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమని ప్రకటించిన గలాథియా బే అభయారణ్యాన్ని 2021 జనవరిలో రద్దు చేశారు. 2022 అక్టోబర్, నవంబర్ నెలల్లో అటవీ, పర్యావరణ అనుమతులిచ్చారు. 2011లో సుమారు 8,000 మంది ఉన్న దీవిలో చివరికి మూడున్నర లక్షల మంది ఉంటారని అంచనా. అంటే మొత్తం దీవుల 2011 జనాభాకు కొంచెమే తక్కువ.

ప్రభుత్వ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మలక్కా జలసంధికి వెళ్ళే ఓడల దారి ఇక్కడికి దగ్గర. ఓడ మార్చి పంపే మన సరుకులో దాదాపు ముప్పావు వంతు విదేశీ రేవుల్లోనే, ముఖ్యంగా కొలంబో, సింగపూర్, క్లాంగ్‌లలో మారుతోందన్నది ప్రభుత్వ లెక్క. హిందూ మహాసముద్రంలో చైనా నౌకలు పెరిగాయి. 2001లోనే ఇక్కడ త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ పెట్టింది అందుకే. కానీ నౌకాదళ స్థావరానికీ లక్షల మంది నగరానికీ తేడా ఉంది. దేశ రక్షణ పేరు చెప్పి నగరాన్ని కూడా ప్రశ్నలకు అతీతం చేయడం సరికాదు. కాంగ్రెస్ నేత సోనియా గాంధీ 2025 సెప్టెంబర్‌లో ఈ ప్రాజెక్టును విమర్శిస్తూ వ్యాసం రాశారు. విమర్శ సబబే. అయితే ఆ దీవిలో బయటివాళ్ళకు ఊరు కట్టి మాజీ సైనికుల్ని దించిన ప్రభుత్వం కూడా ఆ పార్టీదే. ప్రతిపక్షంలో అడవి గుర్తొస్తుంది, అధికారంలో పటం గుర్తొస్తుంది.

నికోబారీల తెగల మండలి 2022లో మొదట నిరభ్యంతరం ఇచ్చి, సంగతి పూర్తిగా తెలిశాక అదే ఏడాది నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. సునామీ తర్వాత తిరిగి వెళ్ళాలనుకున్న తమ పాత ఊళ్ళ నేల ప్రాజెక్టు పటంలో కనిపించడం వాళ్ళ ముఖ్యమైన అభ్యంతరం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వాళ్ళ సమ్మతి సరిగా తీసుకున్నారా అన్న వివాదం హైకోర్టుకు చేరింది.

లోపం ఎక్కడుంది?

ఇన్ని సిద్ధాంతాలు వచ్చిపోయినా ఫలితం ఎందుకు ఒకేలా ఉంది? నా దృష్టిలో కారణం సిద్ధాంతంలో లేదు, పరిపాలన కట్టుబడిలో ఉంది. అమరావతి మారింది అంటే ఓటరు మార్చగలిగాడు కనుక మారింది. ఆ మార్పులు మంచివా చెడ్డవా అన్నది వేరే సంగతి. అండమాన్‌లో ఆ మీట ఓటరు చేతిలో లేదు. అక్కడ శాసనసభ లేదు. 1967 దాకా లోక్‌సభ సభ్యుడిని కూడా నామినేట్ చేసేవారు. ఇప్పటికీ ఒకే ఒక్క ఎంపీ. 2023 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్ అధ్యక్ష పదవి బీజేపీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలికి దక్కింది. మనవాళ్ళకు సంతోషం కలిగించే వార్తే. కానీ ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా రేవు ఎక్కడ కట్టాలి, అడవి ఎంత నరకాలి, రిజర్వు గీత ఎక్కడ జరపాలి అన్నవి కౌన్సిల్ ముందుకు రావు. అవి ఢిల్లీలో తేలిపోతాయి. చీఫ్ కమిషనర్ పోయి లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చాడు, ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది. దారి అదే.

ఈ చరిత్రలో ఆదివాసులకు మిగిలినదేదైనా ఉంటే అది ప్రభుత్వం గీసిన పథకం వల్ల కాదు, ఆ పథకానికి అడ్డంగా చట్టం గీసిన గీత వల్ల. 1956 రెగ్యులేషన్ లేకపోతే జారవాలు గ్రేట్ అండమానీల దారే పట్టేవారు. 2002 తీర్పు లేకపోతే కలప ఇంకా నరికేవారు. గీత నిలిచిన చోట మనిషి మిగిలాడు, 1972లోలా గీతను కార్యాలయంలో కూర్చుని జరిపిన చోట అడవి మిగల్లేదు.

కాబట్టి సంస్కరణ అంటే కొత్త పటం గీయడం కాదు, గీసే చేతిని మార్చడం. దీవులకు ఎన్నికైన సభ ఉండాలి. దానికి భూమి, ప్రణాళికల మీద నిజమైన అధికారం ఉండాలి. ఆదివాసీ రిజర్వును ఆ తెగ సమ్మతి లేకుండా అంగుళం కూడా తగ్గించకూడదని చట్టంలో రాయాలి. ఎన్నో తరాలుగా పట్టా లేకుండా బతుకుతున్న రాంచీలకు, తెలుగు కూలీలకు ఊరిలోపల నిలకడైన హక్కు ఇవ్వాలి. వాళ్ళకు నీడ దొరికితే అడవి మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. గ్రేట్ నికోబార్ విషయంలో రక్షణ అవసరాలకు కావలసినంత కట్టి, నగరం పథకాన్ని నికోబారీలు, షోంపెన్‌ల సమ్మతి దొరికేదాకా ఆపాలి. మన మన్యంలో గిరిజన భూమి గురించి 1997 సమతా తీర్పును సాధించుకున్న తెలుగు సమాజానికి ఈ వాదన కొత్తది కాదు. సముద్రం అవతల ఉన్న మన మనుషుల తరఫునా, వాళ్ళకన్నా ముందు నుంచీ అక్కడున్నవాళ్ళ తరఫునా ఈ మాట గట్టిగా అడగాల్సిన బాధ్యత మన ఎంపీల మీదా మన మీదా ఉంది.